మూలుగు మాస్టారి నడుము నొప్పి

ఈ సంగతి విని మీరు ఎంత నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు గానీ, మా బావమరిది బాలనర్సయ్య చెవిన మాత్రం వేయకండి. ఆయన చాలా మంచివాడు. మంచివాళ్ళకు కోపం వస్తే ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. అది తెలుసుకునే మొదటివాణ్ణి నేను కాదలచుకోలేదు.

నా పేరు అచ్యుతరామయ్య. పుట్టింది తెనాలి దగ్గర. ముప్ఫై ఏళ్ళుగా ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెబుతున్నాను. నన్ను మీరు చూసి ఉండరు, వినే ఉంటారు. హీరో ఒక్క గుద్దు గుద్దగానే ఎనిమిది మంది గాల్లోకి లేస్తారే, ఆ ఎనిమిది మందీ నేనే. కడుపులో గుద్దితే ఒక మూలుగు, మెడ విరిస్తే ఒకటి, మేడ మీది నుంచి కూరగాయల బండి మీద పడితే ఇంకొకటి. మొత్తం పద్దెనిమిది రకాలున్నాయి నా దగ్గర. డబ్బింగ్ థియేటర్‌లో నన్ను మూలుగు మాస్టారు అంటారు.

ముప్ఫై ఏళ్ళలో నేను పలికిన పూర్తి వాక్యం ఒక్కటే. "అన్నా, వాడొచ్చాడు." ఆ తరువాత వాడు వచ్చాడు, నేను మూలిగాను.

అలాంటి నన్ను ఒక సోమవారం థియేటర్ మేనేజర్ తిరుమలేశ్ పక్కకు పిలిచాడు.

"మాస్టారూ, ఒక తండ్రి క్యారెక్టర్ ఉన్నది. నిండుగ పేజీ డైలాగు. మొన్న మీరు కింద చాయ్ తాగుకుంట ఎవరితోనో మీ ఇంటి నీళ్ళ మోటర్ సంగతి చెప్తుంటే డైరెక్టర్ ఇన్నడట. గా గొంతే కావాలె అంటున్నడు. శనివారం పొద్దుగాల పదింటికి రాండ్రి."

పేజీ డైలాగు. ఆ కాగితాన్ని ఇంటికి వెళ్ళేలోపు ఏడుసార్లు చదివాను. అందులో ఎవరూ నన్ను కొట్టరు. కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతానంతే. మెట్ల మీద నిలబడి కాసేపు కళ్ళు తుడుచుకున్నాను.

ఇంట్లోకి వెళ్ళేసరికి గోడ మీది క్యాలెండర్లో శనివారం చుట్టూ పసుపుతో గీసిన గుండ్రం కనిపించింది. చేవెళ్ళలో బాలనర్సయ్య కొత్త ఇంటి గృహప్రవేశం. ముహూర్తం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు.

ఇక్కడ నా పాత చరిత్ర కొంచెం చెప్పాలి. మా ఆవిడ అరుణజ్యోతిది చేవెళ్ళ. వాళ్ళ వైపు శుభకార్యాలకు నేను వరసగా మూడుసార్లు వెళ్ళలేదు. మొదటిసారి ఒక గోడౌన్‌లో తన్నులు తింటున్నాను. రెండోసారి రైల్వే యార్డులో. మూడోసారి పెళ్ళి మండపంలోనే ఉన్నాను, కానీ అది సినిమా పెళ్ళి, అక్కడా తన్నులే. మూడోసారి ఇంటికొచ్చాక అరుణజ్యోతి ఒకే మాట అంది.

"నాలుగోసారి గూడ రాకపోతే, నేనే థియేటర్‌కు వచ్చి నిజంగనే తంత. మీకు యాక్టింగ్ పని తప్పుతది."

అందుకని డైలాగు పేజీ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆలోచించాను. జ్వరమంటే థర్మామీటర్ పెడుతుంది. కడుపు నొప్పంటే వాము కషాయం తాగిస్తుంది. నడుము నొప్పి ఒక్కటే బయటికి కనిపించదు, చేత్తో పట్టుకుంటే దొరకదు. నేను నడుము పట్టుకుని మంచం మీద ఉంటాను, ఆవిడ చేవెళ్ళ వెళుతుంది. పదింటికల్లా నేను లేచి థియేటర్‌కు నడిచి వెళతాను, డైలాగు చెప్పి వచ్చి మళ్ళీ పడుకుంటాను. ఇంతకన్నా తేలికైన పథకం నా ఎరుకలో లేదు.

మంగళవారం ఉదయం గుమ్మంలో పాల ప్యాకెట్ తీయడానికి వంగి, నాలుగో నంబర్ మూలుగు మూలిగాను. అది వీపు మీద దుంగ పడినప్పటిది.

అరుణజ్యోతి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. డాన్స్ అసిస్టెంట్లూ జూనియర్ ఆర్టిస్టులూ ఆవిడ ఖాతాదార్లు. మనిషి గుమ్మంలో నిలబడగానే కొలతలు చెప్పే కళ్ళు. ఆ కళ్ళతో మిషను దగ్గర నుంచే నన్ను చూసింది.

"ఏమైంది?"

"నడుం పట్టేసింది."

"ఏ పక్క?"

"ఎడమ."

"మరి కుడి పక్కన చెయ్యి పెట్టుకున్నరేంది?"

"ఎడమ చేతిలో పాల ప్యాకెట్ ఉంది కదా."

ఆవిడ వచ్చి ముందు పాల ప్యాకెట్‌ను జాగ్రత్తగా లోపల పెట్టింది. తరువాత నన్ను పట్టుకుంది.

"పండుకోండ్రి. శనివారం లోపల సక్కగ చేయించాలె. మన పద్మప్రియకు డాన్స్ చేసి చేసి మెడ పట్టేస్తే ఒకామె దగ్గరికి పోయింది. మూడు రోజుల్ల మళ్ళ ఎగురుతున్నది. ఆమె కైరోప్రాక్టరట."

"కైరో ఈజిప్టులో కదా ఉంది. ఈ నడుముతో అంత దూరం ప్రయాణం చెయ్యలేను."

"ఈజిప్టు గాదు, జూబ్లీహిల్స్. ఆటోల పది నిమిషాలు."

ఆ వైద్యం గురించి నాకు తెలిసిందల్లా ఫోన్ వీడియోల్లో చూసిందే. ఒకడు బోర్లా పడుకుని ఉంటాడు, ఇంకొకడు వాడి మీదికి ఎక్కుతాడు, టప్‌మని శబ్దం వస్తుంది, కింద ఉన్నవాడు నవ్వుతాడు. నా వృత్తిలో ఆ శబ్దం తరువాత ఎవరూ నవ్వరు.

బుధవారం ఆటోలో బయల్దేరాం. ఫిల్మ్ నగర్ నుంచి జూబ్లీహిల్స్‌కు దారంతా ఎత్తులూ పల్లాలూ, మధ్యలో స్పీడ్ బ్రేకర్లు. ప్రతిదానికీ మూలగాలి. ఒక చోట సినిమా పోస్టర్ చూస్తూ మూలగడం మరిచిపోయాను. తరువాత వచ్చినదాని దగ్గర రెండింటికీ కలిపి మూలిగాను. డ్రైవర్ భయపడి ఆటో పక్కకు ఆపాడు. అరుణజ్యోతి మాత్రం నా వైపు తిరగలేదు.

"పోనియ్యి తమ్మీ. జర మెల్లగ పోనియ్యి" అంది.

క్లినిక్‌లో ఎవరో పహిల్వాన్ ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే ఆ కైరోప్రాక్టర్ వందన గారు అరుణజ్యోతి భుజం వరకు వస్తారు. ముందు ఒక ఫారం ఇచ్చారు. అందులో మనిషి బొమ్మలు రెండు, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. నొప్పి ఉన్న చోట గుర్తు పెట్టాలి. నేను పెట్టిన గుర్తులు చూస్తే వెనక బొమ్మ మీద చుక్కల ముగ్గు వేసినట్టుంది. నొప్పి ఎంత, సున్నా నుంచి పది లోపల రాయండి అని ఉంటే పదకొండు అని రాశాను.

వందన గారు ఫారం చదివి తల ఎత్తారు.

"మీరు వెన్నపూస జారింది అని రాశారండీ."

"అవునండీ."

"వెన్నపూస జారితే ఫ్రిజ్‌లో పెట్టాలి. మీరు చెప్పేది వెన్నుపూస అనుకుంటాను."

అరుణజ్యోతి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాధ కొద్దీ అనుకున్నాను.

వెంటనే బల్ల మీద పడేసి విరుస్తారేమోనని బిగుసుకుని కూర్చున్నాను. అదేం జరగలేదు. ముందు బోలెడన్ని ప్రశ్నలు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడికి పాకుతుంది, ఎలా పడుకుంటే తగ్గుతుంది, ఇదివరకు దెబ్బలు తగిలాయా, బీపీ ఉందా, ఏం మందులు వాడతారు. తరువాత నిలబడమన్నారు, వేళ్ళ మీద నడవమన్నారు, మడమల మీద నడవమన్నారు. పడుకోబెట్టి ఒక్కో కాలు ఎత్తి చూశారు, మోకాళ్ళ కింద చిన్న సుత్తితో కొట్టారు. నా కాళ్ళు రెండూ ఏ సిగ్గూ లేకుండా చక్కగా ఎగిరాయి.

"కాళ్ళలో తిమ్మిరి ఏమైనా ఉంటుందా?" అని అడిగారు.

నా తప్పంతా ఇక్కడే ఉంది. ముప్ఫై ఏళ్ళు ఒక్క వాక్యంతో బతికినవాణ్ణి. ఎదురుగా ఒక మనిషి కూర్చుని, నేను చెప్పిన ప్రతి మాటా శ్రద్ధగా రాసుకుంటుంటే ఇక ఆగలేకపోయాను. కాలు మొద్దుబారుతోందన్నాను. చెప్పు జారిపోయినా తెలియడం లేదన్నాను. తుమ్మితే నడుములో పుట్టిన మెరుపు మడమ దాకా వెళ్ళి మళ్ళీ తిరిగి వస్తోందన్నాను. గొంతులో జీర కూడా తెచ్చాను.

వందన గారు పెన్ను కింద పెట్టారు.

"మొద్దుబారేది ఏ కాలు?"

"ఎడమది."

"ఇందాక కుడిది అన్నారు."

"అది నిన్న. ఇవాళ మారింది."

ఆవిడ ఫారం పక్కన పెట్టారు. "పరీక్షలో నాకేమీ తేడా కనిపించలేదండీ. కానీ మీరు చెప్పినవి ఉంటే మాత్రం నేను మీ వెన్ను మీద చెయ్యి వేయకూడదు. ముందు స్పైన్ డాక్టర్‌కు చూపించాలి, స్కాన్ తీయాలి. అప్పటిదాకా బరువులు వద్దు, దూర ప్రయాణాలు వద్దు. కాలు బలం తగ్గినా, మూత్రం దగ్గర తేడా వచ్చినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి."

దూర ప్రయాణాలు వద్దు. నేను అడగకుండానే నోటి నుంచి వచ్చింది. ఆవిడ కాళ్ళ మీద పడదామనుకున్నాను, వంగకూడదని గుర్తొచ్చి ఆగాను. అరుణజ్యోతి అక్కడే స్పైన్ డాక్టర్‌కు ఫోన్ చేసి సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకుంది. నా శనివారం నాకు దక్కింది.

ఆటోలో కూర్చున్నాక ఎంతో బాధపడుతున్నట్టు అన్నాను. "మా బావగారు ఏమనుకుంటారో. నువ్వైనా వెళ్ళి రా."

"నేనెట్ల పోత? కాలు తెల్వని మనిషిని ఒక్కణ్ణి ఇడిశిపెట్టి. శనివారమంత మీ పక్కనే కూసుంట. అన్నకు ఫోన్ చేసి రామని చెప్త."

ఆ మాటకు నా నోటి నుంచి వచ్చిన మూలుగుకు నంబర్ లేదు.

"అంత సీరియస్ కాదులే. ఆవిడ ఏదో జాగ్రత్తకు చెప్పారు."

"ఉత్తగనే చెప్పదు డాక్టరు. ఫోను ఇటియ్యున్రి. తల వంచి చూస్తే వెన్ను గుంజుతది."

అలా ఫోను కూడా పోయింది.

గురువారం పొద్దున నాకు రాగి జావ ఇచ్చింది, ఉప్పు లేకుండా. మధ్యాహ్నం మళ్ళీ జావే. ఉప్పు తింటే వాపు వస్తుందట. తను మాత్రం గుత్తి వంకాయ తింది. మంచం మీది నుంచి వాసన చూశాను.

సాయంత్రం కింద బొలెరో ఆగిన చప్పుడైంది. బాలనర్సయ్య మెట్లెక్కి వచ్చాడు. ఆయన వెనక డ్రైవర్, ఇద్దరి చేతుల్లో ఒక పెద్ద టేకు తలుపు. తలుపు నిండా చెక్కడం, మధ్యలో తామర పువ్వు, చుట్టూ నాలుగు వరసల్లో చిన్న చిన్న ఇత్తడి గంటలు.

"బావా, పరుపు మీద పండుకుంటే వెన్ను ఇంకింత పాడైతది. గట్టి చెక్క మీద పండాలె. జల్ది జల్దిల ఎక్కడ దొరకలే. దేవుడర్ర తలుపు తీస్కొచ్చిన."

మంచం మీది నుంచి లేవబోయి మళ్ళీ నడుము పట్టుకున్నాను. "బావగారూ, ఎల్లుండి గృహప్రవేశం. దేవుడి గదికి తలుపు లేకుండా ఎలా?"

"తలుపు లేకపోతే దేవుడు యాడికి పోతడు. నువ్వు మంచిగైనంక బిగిద్దాం." ఆయన మంచం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. "పాలు పొంగిచ్చేటప్పుడు నువ్వు చెల్లె పక్కన నిలబడాలె అనుకున్న బావా. మూడు పాలి నీకు పని పడ్డది, గీసారి ఎట్లన్న వస్తవనుకున్న. కానీ ఏం జేస్తం. ఆరోగ్యం ముందు."

నేను గోడ వైపు తిరుగుదామనుకున్నాను. కుదరలేదు. అప్పటికే నన్ను ఎత్తి తలుపు మీద పడుకోబెట్టారు.

ఆ తలుపు గురించి ఎంత చెప్పినా తక్కువే. తామర పువ్వు సరిగ్గా నా నడుము కిందికి వచ్చింది. బ్రహ్మదేవుడు దాని మీద అంతకాలం ఎలా కూర్చున్నాడో ఆయనకే తెలియాలి. ఇటు కదిలితే గంటలు మోగుతాయి, అటు కదిలితే గంటలు మోగుతాయి. మోగిన ప్రతిసారీ పక్క గదిలోంచి "ఏం గావాలె?" అని వినిపిస్తుంది. లేచి పారిపోదామంటే గుళ్ళో హారతి ఇచ్చినట్టు ఊరంతా వినిపిస్తుంది. అవి గంటలు కావు, నా కాపలాదార్లు.

శుక్రవారం ఉదయం కళ్ళు తెరిచేసరికి నడుము నిజంగానే పట్టేసి ఉంది. మెడ కుడి పక్కకు తిరగడం లేదు.

"టీలో చక్కెర ఎందుకు తక్కువేశావు? ఆ ఫ్యాన్ ఎందుకలా కీచుమంటోంది? ఈ ఇంట్లో ఒక్క వస్తువూ ఉన్నచోట ఉండదేం?" అన్నాను.

అరుణజ్యోతి కప్పు కింద పెట్టి నన్ను పరీక్షగా చూసింది.

"ఇయ్యాల నొప్పి ఉన్నట్టున్నది."

"నన్ను ఆ వందన గారి దగ్గరికి తీసుకెళ్ళు."

"ఆమె ముట్టుకోనన్నది గద."

"ముట్టుకుంటారు. నేను మాట్లాడతాను. నువ్వు బయట కూర్చో."

క్లినిక్‌లో లోపలి గదికీ బయటి గదికీ మధ్య ఒక తెర ఉంది. అది తెర మాత్రమేనని, గోడ కాదని, ఆ సమయంలో నా బుర్రకు తట్టలేదు. అరుణజ్యోతిని బయట కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి వందన గారికి దండం పెట్టాను.

"డాక్టర్ గారూ, బుధవారం నేను చెప్పిన రోగం నాకు లేదు. తిమ్మిరి లేదు, మెరుపు లేదు, చెప్పు జారలేదు. మొత్తం నేనే రాసుకున్నాను."

తరువాత అంతా చెప్పాను. పేజీ డైలాగు, తండ్రి పాత్ర, పసుపు గుండ్రం, దేవుడి గది తలుపు, నా చెయ్యి పట్టుకున్న బావమరిది. చెబుతుంటే గొంతులో జీర దానంతటదే వచ్చింది.

"నాకు అనుమానం వచ్చిందండీ" అన్నారు వందన గారు. "కానీ అనుమానం మీద మెడలు తిప్పకూడదు. ఇప్పుడు లేదంటున్నారు కదా అని కూడా నమ్మను. మళ్ళీ మొదటి నుంచి చూస్తాను."

మళ్ళీ అన్నీ చేశారు. వేళ్ళ నడక, మడమల నడక, సుత్తి దెబ్బలు, కాళ్ళెత్తడం. వెన్ను పొడవునా వేళ్ళతో నొక్కి చూస్తూ ఒక చోట ఆగారు.

"ఇక్కడ కండరం బిగుసుకుంది. ఇది కొత్తది. దేని మీద పడుకున్నారు?"

"తామర పువ్వు మీద."

ఆవిడ అది కూడా ఫారంలో రాసుకున్నారు. "మెడ మాత్రం పాతది. ఒక పక్కకే తిరుగుతోంది. మీ పనేమిటి?"

"మైకు ముందు తల ఒక పక్కకు వంచి మూలుగుతానండీ. ముప్ఫై ఏళ్ళుగా."

"సరే. మెడను విరవను, మెత్తగా సాగదీస్తాను. నడుము పైభాగంలో ఒక చిన్న అడ్జస్ట్‌మెంట్ చేస్తాను. టప్‌మంటుంది. ఎముక విరిగిందనుకోకండి, కీలులో గాలి బుడగ పోయిన శబ్దం, వేళ్ళు విరుచుకుంటే వస్తుందే, అదే. రేపు కొంచెం నొప్పిగా ఉండొచ్చు. మీకు వద్దనిపిస్తే ఏ నిమిషానైనా చెప్పండి, ఆపేస్తాను."

నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఒక మోకాలు ముడిచారు. గాలి పీల్చుకోమన్నారు, వదలమన్నారు. వదులుతుండగా టప్‌మంది.

పద్దెనిమిది మూలుగుల మనిషిని. ఏదో ఒకటి గొప్పగా వస్తుందనుకున్నాను. నా నోటి నుంచి ఒక చిన్న ఎక్కిలి వచ్చింది, అంతే. పాలు తాగిన పసిపిల్లలకు వస్తుందే, అలాంటిది.

తెర అవతల ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

తెర తొలగించుకుని అరుణజ్యోతి లోపలికి వచ్చింది. నేను బల్ల మీద పక్కకు తిరిగి, మోకాలు ముడుచుకుని ఉన్నాను. సంజాయిషీ చెప్పుకోవడానికి అంత అనువైన భంగిమ కాదు.

"అంతా విన్నావా?"

"ఇన్న. కానీ కొత్త ముచ్చటేం లేదు."

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మంగళారం అనుమానమొచ్చింది. నిజంగ నొప్పి లేస్తే మీరు మూలగరు, నా మీద గులుగుతరు. ఇయ్యాల పొద్దుగాల చక్కెర కాడ మొదలువెట్టిన్రు చూడున్రి, అట్ల. బుధారం సాయంత్రం ఖాయమైంది. మీ ఫోన్‌కు తిరుమలేశ్ చేసిండు, శనివారం పదింటికి మాస్టర్‌కు యాది చెయ్యున్రి అన్నడు."

"నువ్వేమన్నావు?"

"పొద్దుగాల మా ఇంట్ల ఫంక్షనున్నది, మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోరాదా అన్న. సరే మేడమ్ అన్నడు. ఆ డైరెక్టర్ ఎట్లన్న పన్నెండు గాకముందు నిద్ర లేవడట."

"అంతేనా?"

"అంతే. రెండు నిమిషాలు పట్టింది."

రెండు నిమిషాలు. నేను మూడు రోజులు మూలిగి, ఒక కుటుంబం దేవుడి గదికి తలుపు లేకుండా చేసి, ఉప్పు లేని జావ తాగి సాధించలేనిది. వందన గారు గోడకున్న వెన్నెముక బొమ్మను చాలా శ్రద్ధగా చూస్తున్నారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"మరి తెలిసినప్పుడే చెప్పొచ్చు కదా" అన్నాను.

"మీరు ఎప్పుడు చెప్తరో చూద్దామని ఆగిన."

తిరిగి వస్తూ ఆటోలో ఈసారి నేను దేనికీ మూలగలేదు. స్పీడ్ బ్రేకర్లు వాటి మానాన అవి వెళ్ళిపోయాయి. సగం దారిలో అరుణజ్యోతి అంది.

"ఇరవై రెండేండ్ల సంది మా అన్న అడుగుతనే ఉన్నడు, బావ గొంతు ఏ సినిమాల వస్తదని. తన్నులు తిని కింద పడెటాయన గొంతు అని చెప్తున్న. మా వాళ్ళు ఎవ్వరు నవ్వరు గానీ, నవ్వకుండ ఉండనీకె కష్టపడ్తరు. గది కనవడ్తది నాకు. ఒక పేజీ మాట్లాడెటిది వచ్చిందని చెప్తే నేను అడ్డం పడ్తనా? ముహూర్తమే జరిపించేదాన్ని."

 చెబితే తిడుతుందని భయపడ్డాను గానీ, సంతోషపడుతుందన్న ఊహే రాలేదు. అది అబద్ధం కన్నా పెద్ద తప్పని తెలిసింది.

"బావగారికి చెప్పేద్దాం. క్షమించమని అడుగుతాను."

"అస్సల వద్దు. గా తలుపుతోనే కొడ్తడు."

శనివారం తెల్లవారి ఏడింటికి చేవెళ్ళ చేరుకున్నాం, అద్దె ట్రాలీ ఆటోలో తలుపుతో సహా. దాన్ని దింపడానికి ఎవరినీ రానివ్వలేదు. నేనే ఎత్తుకున్నాను. వాకిట్లో ముగ్గులు వేస్తున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు. మొన్నటిదాకా కాలు తెలియని మనిషి నిలువెత్తు టేకు తలుపు భుజాన పెట్టుకుని, గంటలు మోగించుకుంటూ వస్తున్నాడు. బాలనర్సయ్య పరుగెత్తుకొచ్చాడు.

"బావా, నీ వెన్ను?"

నేను నోరు తెరిచేలోపు అరుణజ్యోతి అందుకుంది. "డాక్టరమ్మ సక్కగ చేసింది అన్నా. ఒక్క టప్, అంతే."

ఆ ఒక్క టప్‌తో వందన గారి పేరు చేవెళ్ళలో మోగిపోయింది. భోజనాల వేళకు పదకొండు మంది బంధువులు తమ తమ నడుములు నాకు చూపించారు. అందరికీ నేను ఒకే మాట చెప్పాను. "ఆవిడ దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక్క అక్షరం కలపకండి." ఎంత అనుభవంతో చెబుతున్నాడో అని తలలూపారు.

తొమ్మిది పన్నెండుకు పాలు పొంగాయి. నేను అరుణజ్యోతి పక్కనే నిలబడ్డాను. బాలనర్సయ్య పొంగిన పాలను చూడలేదు, మా ఇద్దరినీ చూశాడు.

మూడింటికి థియేటర్‌లో మైకు ముందు నిలబడ్డాను. అద్దం అవతల తిరుమలేశ్ పక్కన అరుణజ్యోతి కూర్చుంది. మొదటి నాలుగు టేకులూ పాడైపోయాయి. ఏ వాక్యం ముట్టుకున్నా చివర ఎవరో నన్ను గుద్దినట్టు ముగుస్తోంది. డైరెక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు నా హెడ్‌ఫోన్లో అరుణజ్యోతి గొంతు వినిపించింది.

"నిన్న డాక్టరమ్మకు చెప్పిన్రు చూడున్రి, అట్ల చెప్పున్రి."

కాగితం కింద పెట్టేశాను. ఎలాగూ నోటికి వచ్చినదే. ఎదురుగా కూతురు ఉందనుకుని కాదు, తప్పు చేసి ఒప్పుకోవడానికి వచ్చినవాడిలా మాట్లాడాను. పేజీ మొత్తం ఒక్క టేకులో అయిపోయింది. డైరెక్టర్ బొటనవేలు పైకి చూపించాడు. అరుణజ్యోతి అప్పటికే ఫోను తీసి వాళ్ళ అన్నకు చెబుతోంది. అద్దంలోంచి వినిపించలేదు గానీ, పెదవులు చూస్తే తెలిసింది. "నిలబడే మాట్లాడిండు. ఎవ్వరు కొట్టలే."

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

ఆదివారం పొద్దున వందన గారి క్లినిక్ నుంచి తెచ్చిన కాగితం బయటికి తీశాను, ఏ వ్యాయామాలు చెయ్యాలో చూద్దామని. పైన ఎనిమిది సూచనలు ఇంగ్లీషులో అచ్చయి ఉన్నాయి. మెడ ఇలా తిప్పండి, గంటకోసారి లేవండి, నీళ్ళు తాగండి, అలాంటివి. తొమ్మిదోది మాత్రం నీలం బాల్‌పెన్నుతో, తెలుగులో ఉంది.

"భార్య తరఫు శుభకార్యాలకు ఒక రోజు ముందుగా వెళ్ళి బల్లలు, కుర్చీలు మోయవలెను. నడుముకు చాలా మంచిది."

ఆ చేతిరాతలో సరుకుల చీటీ ప్రతి వారం నా జేబులోకి వస్తుంది. కాగితం పట్టుకుని మిషను దగ్గరికి వెళ్ళాను.

"ఇది డాక్టర్ రాసిందా?"

"కాగితం డాక్టర్‌దే గద."

"నేను ఫోన్ చేసి కనుక్కుంటాను."

"చెయ్యున్రి."

చేశాను. వందన గారు ఎంతో మర్యాదగా మాట్లాడారు. "అవునండీ, తొమ్మిదో పాయింట్ మా ఫైల్లో కూడా ఉంది. రాసింది మీ మేడమే. మీ వెన్ను బరువులకు తట్టుకుంటుందా అని అడిగారు. మోకాళ్ళు వంచి ఎత్తితే నిక్షేపంగా తట్టుకుంటుందని చెప్పి కింద సంతకం పెట్టాను. చూడండి, స్టాంపు కూడా ఉంటుంది."

చూశాను. ఉంది.

బాలనర్సయ్య రెండో కూతురి నిశ్చితార్థం రేపు. నేను నిన్ననే వచ్చేశాను. షామియానా కింద కాసేపు అలుపు తీర్చుకుందామని కూర్చుంటే మీరు కుశలం అడిగారు, ఇంత చెప్పాల్సి వచ్చింది. మా ఆవిడ ఇటే చూస్తోంది. ఇంకా అరవై కుర్చీలున్నాయి. ఖాళీగా ఉంటే తలా నాలుగు పట్టండి. మోకాళ్ళు వంచి ఎత్తండి.